సంచి ఎవరికి అప్పగించాలి?

గుడిలోకి సెల్‌ఫోన్ తీసుకెళ్ళకూడదు. అందుకని గుడి బయట లాకర్లు పెట్టారు. లాకర్ తలుపు తెరవాలంటే ఫోన్‌కు వచ్చే ఓటీపీ కొట్టాలి. ఫోన్ లోపల పెట్టి, తలుపు మూసి, దర్శనం చేసుకుని వచ్చాక, మళ్ళీ తెరవడానికి కావలసిన అంకెలు ఆ మూసిన తలుపు వెనకాలే మోగుతాయి. కొన్నేళ్ళ కిందట ఒక పుణ్యక్షేత్రంలో మా అమ్మతో వెళ్ళినప్పుడు ఈ చిక్కులో పడ్డాను. పక్కన పూలమ్మే అతని ఫోన్ అడిగి తీసుకుని, లాకర్ మీద రాసి ఉన్న నంబరుకు చేస్తే, తాళంచెవి పట్టుకుని మనిషి వచ్చేసరికి గంటన్నర పట్టింది. "ఇక్కడ ఒక మనిషి కూచుని ఉంటే ఈ తిప్పలు ఉండేవి కాదు కదరా" అంది అమ్మ.

అమ్మ మాట సగమే నిజం. మనిషి కూచున్న చోటా తిప్పలు పడ్డాను. ఒక జంక్షన్‌లో డ్యూటీ మారే వేళకు క్లోక్‌రూమ్ కిటికీ మూసేశారు. లెక్క సరిచూసుకుని కొత్త గుమస్తా సంతకం పెట్టేదాకా ఎవరి సామానూ ఇవ్వమన్నారు. నా పెట్టె కటకటాల అవతల కనిపిస్తూనే ఉంది, నా రైలు ప్లాట్‌ఫారం వదిలి వెళ్ళిపోయింది.

జనం పోటెత్తే ప్రతిచోటా ఇప్పుడు ఈ ప్రశ్న ఉంది. గుళ్ళు, స్టేషన్లు, క్రికెట్ స్టేడియాలు, మ్యూజియాలు, పరీక్షా కేంద్రాలు, వీటిలో వచ్చినవాళ్ళ సామాను ఎక్కడ ఉంచాలి? మనుషుల్ని పెట్టి కౌంటర్ నడపాలా, ఎవరి సామాను వాళ్ళే పెట్టుకుని తీసుకునే స్మార్ట్ లాకర్లు కొనాలా? 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఆ మరుసటి ఏడాది కృష్ణా పుష్కరాలు. స్నానఘట్టాల దగ్గర ఏం కట్టాలో, ఏం కొనాలో నిర్ణయించే సమయం ఇదే. లాకర్లు అమ్మేవాళ్ళు ఖర్చు తగ్గుతుందంటారు, కౌంటర్లు నడిపేవాళ్ళు మనకు అలవాటైన పద్ధతి అంటారు. ఇద్దరూ నిర్వాహకుడి వైపు నుంచే మాట్లాడతారు. సంచి యజమాని వైపు నుంచి చూస్తే ఈ ప్రశ్న వేరేలా కనిపిస్తుంది.

మన ఊళ్ళలో సామాను భద్రపరిచే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. సినిమాహాలు పక్కన సైకిల్ స్టాండు ఉండేది. అక్కడి కుర్రాడు సీటు మీద సుద్దముక్కతో నంబరు వేసి, అదే నంబరున్న చీటీ ముక్క మన చేతిలో పెట్టేవాడు. సెకండ్ షో వదిలాక వందల సైకిళ్ళు ఒకేసారి బయటికి రావాలి. అయినా ఏ సైకిల్ ఏ వరసలో ఉందో అతనికి తెలిసేది. చీటీ పోగొట్టుకున్నవాణ్ణి పక్కన నిలబెట్టి, అందరూ వెళ్ళిపోయాక మిగిలిన సైకిల్ చూపించి "ఇదేనా నీది?" అని అడిగేవాడు. ఇంతకన్నా సులువైన, ఇంతకన్నా న్యాయమైన పరిష్కారం ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ నాకు కనబడలేదు. ఇంకా వెనక్కి వెళ్తే, గోదావరి గట్టు మీద స్నానానికి దిగే కుటుంబం మూటల దగ్గర ఒకరిని కూచోబెట్టేది. ఎక్కువగా నాయనమ్మో అమ్మమ్మో. వీళ్ళు మునిగి వచ్చాక ఆవిడ మునిగేది. మనిషిని నమ్మి సామాను వదలడం అంటే మనకు తెలిసింది ఇదే.

ఈ నమ్మకానికి చట్టంలో ఒక రూపం ఉంది. ఈ చర్చంతటికీ అదే ఆయువుపట్టని నా అభిప్రాయం.

1872 నాటి భారత కాంట్రాక్టు చట్టంలో 148వ సెక్షన్ నుంచి అప్పగింత గురించిన నియమాలు మొదలవుతాయి. ఒక పని కోసం మన వస్తువును ఇంకొకరి చేతికి ఇస్తే, పని అయ్యాక వాళ్ళు దాన్ని తిరిగి ఇవ్వాలి. ఆ మధ్యకాలంలో ఎంత జాగ్రత్తగా ఉండాలో 151వ సెక్షన్ చెబుతుంది: మామూలు వివేకం ఉన్న మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఈ నియమం అప్పగింతలన్నిటికీ వర్తిస్తుంది. డబ్బు తీసుకున్నా, ఉచితంగా ఉంచినా జాగ్రత్త కొలత మారదు. అంటే గుడి వాళ్ళు ఉచితంగా నడిపే కౌంటర్‌లో మన సంచి ఇచ్చినా, "ఊరికే చూసిపెట్టాం, పోతే మాకేం సంబంధం?" అనడానికి లేదు.

లాకర్ సంగతి ఇలా కాదు. ఖాళీ అరను మనం గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాం, సామాను మనమే పెట్టుకున్నాం, మనమే తాళం వేసుకున్నాం. లోపల ఏముందో అద్దెకిచ్చినవాడికి తెలియదు. కాబట్టి వస్తువు అతని చేతికి వెళ్ళలేదు, అర మాత్రం మన చేతికి వచ్చింది అని వాదించడానికి వీలుంటుంది. లాకర్ తెర మీద "అంగీకరిస్తున్నాను" అన్న గడిని తాకేటప్పుడు మనం ఒప్పుకునేది చాలాసార్లు ఈ వాదననే. యంత్రం వల్ల జీతాల ఖర్చు తగ్గుతుందని అందరూ అంటారు. బాధ్యత కూడా తగ్గుతుందన్నది ఎవరూ పైకి చెప్పరు.

చీటీ మీద చిన్న అక్షరాల్లో షరతులు రాసి తప్పుకోవడం యంత్రాలతో మొదలైంది కాదు. లండన్‌లో చేరింగ్ క్రాస్ స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పార్కర్ అనే ఆయన రెండు పెన్నీలు కట్టి సంచి ఉంచాడు. దాని విలువ 24 పౌన్లు, పైన పది షిల్లింగులు. సంచి పోయింది. పది పౌన్లు దాటిన వస్తువులకు మా పూచీ లేదని చీటీ వెనక అచ్చువేశామని రైల్వే కంపెనీ అంది, తాను చదవలేదని అతనన్నాడు. షరతు ఉందని జనానికి తెలిసేలా కంపెనీ తగినంతగా చెప్పిందా లేదా అన్నదే తేల్చాలని చెప్పి 1877లో అప్పీలు కోర్టు కేసును తిరిగి విచారణకు పంపింది. మన దేశంలో లా చదివే పిల్లలందరికీ ఈ కేసు పాఠం. క్లోక్‌రూమ్ చీటీ మీద మొదలైన ఆ ప్రశ్న ఇవాళ్టి టచ్‌స్క్రీన్‌కూ అతికినట్టు సరిపోతుంది. ఇంగ్లీషులో నలభై పంక్తుల షరతులు చూపించి, వెనక క్యూలో ఇరవైమంది నిలబడి ఉండగా, అక్షరాలు కూడబలుక్కుని చదివే ఒక పెద్దాయనకు షరతు తెలియజెప్పామని ఎవరైనా ఎలా అనగలరు?

మన సుప్రీంకోర్టు తీర్పులు రెండు ఈ విషయంలో దారి చూపిస్తాయి. 1998లో ఢిల్లీలోని ఒక పెద్ద హోటల్‌కు కారులో వచ్చిన అతిథి తాళాలను పార్కింగ్ సిబ్బందికి ఇచ్చి లోపలికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ తాళాలు ఇంకొకడు తీసుకుని కారుతో ఉడాయించాడు. చీటీ మీద "యజమాని బాధ్యతే" అని రాసి ఉందని హోటల్ అంది. తాళాలు చేతికి తీసుకున్నాక అది అప్పగింత అవుతుందని, అజాగ్రత్తను చీటీ మీది మాటలతో కప్పుకోలేరని 2019 నవంబరులో కోర్టు చెప్పింది. ఎవరి కారు వాళ్ళే పెట్టుకునే పార్కింగ్‌కూ, తాళాలు ఇచ్చే పార్కింగ్‌కూ మధ్య ఉన్న తేడాయే లాకర్‌కూ కౌంటర్‌కూ మధ్య ఉన్న తేడా.

రెండోది బ్యాంకు లాకర్ గురించి. కోల్‌కతాలో ఒక ఖాతాదారు అద్దె కట్టేసినా, చెప్పాపెట్టకుండా అతని లాకర్ పగలగొట్టారు. ఏడు నగలకు గాను రెండే తిరిగి వచ్చాయని అతని ఫిర్యాదు. అర మాత్రమే అద్దెకిచ్చాం, లోపల ఏముందో మాకు తెలియదు అంటూ బ్యాంకులు చేతులు దులుపుకోవడానికి వీల్లేదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది. రెండు తాళాల లాకర్లు పోయి ఎలక్ట్రానిక్ లాకర్లు వస్తున్న కాలంలో, ఆ సాంకేతికత తెలియని ఖాతాదారు పూర్తిగా బ్యాంకు దయమీదే ఆధారపడతాడని కూడా గుర్తుచేసింది. ఆ తీర్పు ఆదేశించినట్టే రిజర్వు బ్యాంకు అదే ఏడాది ఆగస్టులో నియమాలు ఇచ్చింది. అగ్నిప్రమాదం, దొంగతనం, సిబ్బంది మోసం వంటివి జరిగితే లాకర్ ఏడాది అద్దెకు నూరు రెట్ల దాకా బ్యాంకు ఇచ్చుకోవాలి. స్టేషన్‌లో, గుడి ముందర ఉండే లాకర్లకు ఇలాంటి నియమం ఎందుకు ఉండకూడదు? గంటకు ఇంత అద్దె, పోతే ఇంత పరిహారం అని తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక వేగం, స్థలం. ఇక్కడ యంత్రం పక్షాన ఒప్పుకోవాల్సినవి చాలా ఉన్నాయి.

లెక్క వేసి చూద్దాం. ఒక చోట గంటకు వెయ్యి సంచులు వస్తాయనుకుందాం. ఒక్కో సంచి సగటున ఐదు గంటలు అక్కడే ఉంటుంది. అప్పుడు ఏ క్షణాన చూసినా లోపల ఐదువేల సంచులు ఉంటాయి. వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే ఉన్నవాటి సంఖ్య వస్తుందన్న ఈ సూత్రాన్ని 1961లో జాన్ లిటిల్ గణితపరంగా నిరూపించారు. క్యూలను అధ్యయనం చేసేవాళ్ళకు ఇది ఎక్కాల పుస్తకం లాంటిది. ఐదువేల సంచులకు ఐదువేల అరలు కావాలి. అరలను నాలుగు అంతస్తులుగా పేర్చి, ఒక్కో వరస వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకుంటే, మొత్తం బీరువా పొడవు 560 మీటర్లు దాటుతుంది. అర కిలోమీటరుకు మించిన ఇనుప గోడ. దాని ముందు జనం నిలబడటానికి, తలుపులు తెరవడానికి ఇంకా చోటు కావాలి. అదే మనుషులు నడిపే గది అయితే ర్యాకుల మధ్య ఒక మనిషి దూరేంత సందు చాలు. చిన్న సంచిని పెద్దదాని మీద పెట్టొచ్చు, మూటను మూలకు నెట్టొచ్చు. చిన్న సంచి పెద్ద అరను ఆక్రమించి ఖాళీ వృథా అయ్యే బాధ ఉండదు.

ఇప్పుడు ఒక మ్యూజియం తీసుకోండి. గంటకు వంద సంచులు, రెండు గంటల బస. రెండువందల అరలు చాలు. ఇరవైరెండున్నర మీటర్ల గోడ ఉంటే అయిపోయింది. పారిస్‌లో లూవ్ర్ మ్యూజియం గాజు పిరమిడ్ కింద ఉచిత లాకర్లు పెట్టింది, సందర్శకులే అంకెల కోడ్ పెట్టుకుని వాడుకుంటారు. పెద్ద పెట్టెలను మ్యూజియంలోకే రానివ్వరు కాబట్టి అన్ని అరలూ చిన్నవే అయినా సరిపోతుంది. బస తక్కువ, సంచి చిన్నది, వచ్చినవాడు చదువుకున్నవాడు అయినచోట లాకర్‌ను మించింది లేదు. మనిషిని కూచోబెట్టడం అక్కడ అనవసరపు ఖర్చు.

చేతులు మారే వేగానికి వస్తే, కౌంటర్‌లో ఒక సంచి తీసుకుని చీటీ కట్టి లోపల పెట్టడానికి నలభై సెకన్లు అనుకుందాం. తిరిగి ఇవ్వడానికీ అంతే. గంటకు వెయ్యి వచ్చి వెయ్యి పోయే చోట రెండువేల సార్లు చేయి మారాలి. అంటే ఒక్కో షిఫ్టుకు ఇరవైముగ్గురు. మూడు షిఫ్టులకు దాదాపు డెబ్బై మంది. ఈ జీతాల లెక్క చూసే నిర్వాహకులు లాకర్ల వైపు మొగ్గుతారు, అందులో తప్పు పట్టడానికి లేదు. కానీ కౌంటర్ అంటే జీతం ఇచ్చి పెట్టుకున్న గుమస్తాయే అని ఎవరన్నారు? అమృత్‌సర్ స్వర్ణమందిరంలో జోడాఘర్ అని చెప్పులు భద్రపరిచే చోటు ఉంటుంది. అక్కడ చెప్పులు అందుకునేవాళ్ళు, తుడిచి పెట్టేవాళ్ళు సేవకు వచ్చిన భక్తులు. ధనికులూ ఉంటారు, కూలీలూ ఉంటారు. తిరుమలలో 2000 సంవత్సరంలో మొదలైన శ్రీవారి సేవ కింద తెలుగునాట పల్లెపల్లె నుంచి జనం వచ్చి రకరకాల పనులు చేసి వెళ్తున్నారు. మనుషుల్ని పెట్టుకునే స్థోమత లేదని పెద్ద ఆలయాలు అనడం నమ్మశక్యంగా ఉండదు.

తిరుమల అనుభవంలో ఇంకొకటి ఉంది. లాకర్ ఎంత స్మార్ట్ అయినా చేయలేని పని అది. అలిపిరి మెట్లదారిన నడిచి వెళ్ళే భక్తుడు కింద సామాను ఇచ్చేస్తే, అది వాహనంలో కొండ మీదికి చేరుతుంది. 3,550 మెట్లు ఎక్కి వచ్చి పైన తీసుకోవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు. ఇచ్చిన చోటు వేరు, పుచ్చుకునే చోటు వేరు. లాకర్ కదలదు, మనమే దాని దగ్గరికి తిరిగి రావాలి. వన్‌వేగా జనాన్ని నడిపించే చోట్ల, ఒక ద్వారం నుంచి లోపలికి, ఇంకో ద్వారం నుంచి బయటికి పంపే చోట్ల, లాకర్ పెడితే దర్శనం అయిన మనిషి జనానికి ఎదురీదుతూ మొదటి ద్వారానికి రావాలి. తొక్కిసలాటలు ఎలా జరుగుతాయో చూసిన దేశం మనది. ఎదురెదురుగా వచ్చే జనం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. సామాను నడిచే ఏర్పాటు ఉన్నచోట జనం ఒకే దిక్కుకు నడుస్తారు. పుష్కర ఘట్టాలకు పనికొచ్చే పాఠం ఇదే అని గట్టిగా నమ్ముతున్నాను.

గంటల లెక్కన అద్దె అన్నది కూడా క్యూలకు సరిపడని పద్ధతి. దర్శనానికి ఎంతసేపు పడుతుందో భక్తుడి చేతిలో ఉండదు. రెండు గంటలన్నది పన్నెండు గంటలు కావచ్చు. ఆలస్యానికి కారణం నిర్వాహకులు, మీటరు తిరిగేది మాత్రం భక్తుడి మీద. స్టేషన్‌లోనూ ఇంతే, రైలు ఆరు గంటలు ఆలస్యమైతే ఆ ఆరు గంటల అద్దె ప్రయాణికుడే కట్టాలి.

స్టేషన్ల విషయంలో మాత్రం నేను లాకర్ల పక్షమే. మన రైల్వే క్లోక్‌రూమ్‌లో సామాను ఉంచాలంటే టికెట్ చూపించాలి, సంచికి తాళం ఉండాలి. జిప్పుకు తాళం లేకపోతే తీసుకోరు. ప్లాట్‌ఫారం మీద గొలుసులు, చిన్న తాళాలు అమ్మేవాళ్ళకు గిరాకీ అందుకే. మూటకు తాళం ఎలా వేస్తారు? చీరలో కట్టిన మూటతో వలస వెళ్ళే పాలమూరు కూలీకి క్లోక్‌రూమ్ ఎప్పుడూ తలుపు తెరవలేదు. కౌంటర్ అంటే అందరిదీ అనుకునేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. లాకర్ అయితే మూటా, పెట్టా అని అడగదు, అర్ధరాత్రి రెండింటికి కూడా తెరుచుకుంటుంది, కిటికీ మూసి లెక్కలు సరిచూసుకోదు. ముంబైలో ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ లాంటి పెద్ద స్టేషన్లలో డిజిటల్ లాకర్లు వచ్చాయి. యూపీఐ వచ్చాక చిల్లర గొడవ కూడా పోయింది.

జపాన్‌లో ఈ పద్ధతి జనజీవనంలో కలిసిపోయింది. రైల్వే స్టేషన్లలో నాణేల లాకర్లు దశాబ్దాలుగా ఉన్నాయి. ఇప్పుడు చాలా చోట్ల రైలెక్కడానికి వాడే సుయికా కార్డునే తాకిస్తే అర మూసుకుంటుంది, మళ్ళీ అదే కార్డు తాకిస్తే తెరుచుకుంటుంది. ఫోన్ అక్కరలేదు, ఓటీపీ అక్కరలేదు. మామూలుగా మూడు రోజులు దాటితే సిబ్బంది అర తెరిచి సామాను వేరేచోట ఉంచుతారు. అంటే అక్కడా యంత్రం వెనక మనుషులు ఉన్నారు. అయితే మనిషి చూపు లేని ఆ అరలకు ఇంకో చరిత్రా ఉంది. 1970ల్లో పురిటిబిడ్డలను నాణేల లాకర్లలో వదిలేసిన ఘటనలు ఆ దేశాన్ని కుదిపేశాయి. 1980లో ర్యూ మురకామి రాసిన 'కాయిన్ లాకర్ బేబీస్' నవల ఆ గాయం నుంచి పుట్టిందే. కౌంటర్‌లో కూచున్న మనిషికి అలాంటి సంచి ఇవ్వడానికి ఎంత తెగించినవాళ్ళకైనా చేతులాడవు.

భద్రత విషయంలో రెండు వైపులా వాదించేవాళ్ళు చరిత్రను సగమే చెబుతారు. 1975 డిసెంబరు 29న న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయంలో నాణేల లాకర్ల దగ్గర బాంబు పేలి 11 మంది చనిపోయారు. లాకర్లను వ్యతిరేకించేవాళ్ళు దీన్ని చూపిస్తారు. 1939 జూలై 26న లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్‌లో సామాను గదిలో పెట్టిన బాంబు పేలి ఒకరు చనిపోయారు, అదే రోజు విక్టోరియా స్టేషన్ క్లోక్‌రూమ్‌లోనూ పేలింది. ఆ రెండు చోట్లా సంచిని చేతులారా అందుకున్నది మనిషే. మనిషి ఉంటే చాలదు, సంచి లోపలికి చూసే ఎక్స్‌రే ఉండాలి. అది కౌంటర్‌కు ముందైనా పెట్టొచ్చు, లాకర్ల గది గుమ్మంలోనైనా పెట్టొచ్చు. లండన్ స్టేషన్లలో ఇప్పుడు సామాను ఉంచే చోట మనుషులు ఉంటారు, సంచులను స్కాన్ చేసే తీసుకుంటారు. జపాన్‌లో పెద్ద శిఖరాగ్ర సమావేశాలప్పుడు లాకర్లకు సీలు వేసేస్తారు. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు చూసిన హైదరాబాద్‌లో ఈ జాగ్రత్తను ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఆ జాగ్రత్త వల్లే ఇప్పుడు ఇంకో సమస్య వచ్చింది. భద్రత పేరుతో సంచి వద్దంటారు. కానీ అప్పటికే చేతిలో ఉన్న సంచి ఎక్కడ పెట్టాలో చెప్పరు. క్రికెట్ మ్యాచ్ చూడటానికి వచ్చినవాళ్ళను గేటు దగ్గర ఆపేస్తే, ఆ చుట్టుపక్కల టీకొట్టు యజమాని యాభై, వంద తీసుకుని సంచులు చూసిపెడతాడు. కాశీలో విశ్వనాథుడి గుడి సందుల్లో దుకాణదారులు పూలూ ప్రసాదం తమ దగ్గర కొంటే ఫోన్లకు అర ఇస్తారు. రసీదు ఉండదు, పూచీ ఉండదు. జనం వాళ్ళ ముఖాలు చూసి నమ్ముతారు. తమిళనాడు గుళ్ళలోకి సెల్‌ఫోన్లు తీసుకెళ్ళకూడదని 2022 డిసెంబరులో మద్రాసు హైకోర్టు ఆదేశించినప్పుడు, ఫోన్లు భద్రపరిచే ఏర్పాటు కూడా చేయాలని కలిపి చెప్పింది. వద్దన్న నోటితోనే ఎక్కడ ఉంచాలో చెప్పడం న్యాయం.

నేను గీసే గీత ఇక్కడే. సామాను వదలడం మన ఇష్టమైతే ఒక మాట, వదలక తప్పనిదైతే ఇంకో మాట. స్టేషన్‌లో పెట్టె ఉంచేసి ఊరు చూడటానికి వెళ్ళడం నా ఇష్టం. షాపింగ్ మాల్, మ్యూజియం, వాటర్ పార్కు కూడా అంతే. అక్కడ లాకర్ పెట్టండి, అద్దె తీసుకోండి, నచ్చనివాళ్ళు సంచి భుజాన వేసుకుని తిరుగుతారు. కానీ ఫోన్ బయట పెడితేనే దర్శనం, సంచి వదిలితేనే పరీక్ష అన్నచోట నాకు ఎంచుకునే వీలు లేదు. నా చేతిలో వస్తువును వదిలించినవాళ్ళు దాన్ని తమ చేతిలోకి తీసుకోవాలి. అర అద్దెకిచ్చి తప్పుకోకూడదు. అక్కడ మనిషి ఉండాలి, రసీదు ఉండాలి, రుసుము ఉండకూడదు, పోతే పరిహారం ఉండాలి. వెనక గదిలో యంత్రాలు ఎన్నయినా పెట్టుకోవచ్చు. చీటీ మీద క్యూఆర్ ముద్రించి ఏ ర్యాకులో ఏ సంచి ఉందో కంప్యూటర్ చూపిస్తే గుమస్తాకు వెతుకులాట తగ్గుతుంది. జర్మనీలో కొలోన్ స్టేషన్‌లో పెట్టెను కిటికీలో పెడితే యంత్రమే భూమి కింది గిడ్డంగికి తీసుకెళ్ళి, కార్డు పెట్టగానే తిరిగి తెచ్చి ఇస్తుంది. స్థలం తక్కువ, వేగం ఎక్కువ. ముందర ఒక మనిషి కూచుని, వెనక అలాంటి యంత్రం ఉంటే నాకేమీ అభ్యంతరం లేదు.

ఇవన్నీ ఒప్పుకుని లాకర్లే పెట్టదలచినచోట చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. చిన్నవిగా కనిపిస్తాయి గానీ జనాన్ని ఏడిపించేవి ఇవే. కరెంటు పోతే తలుపు మూసుకునే ఉంటుంది, కాబట్టి బ్యాటరీతో పాటు చేత్తో తిప్పే తాళంచెవి కూడా ఉండాలి, అది అక్కడే ఉన్న మనిషి దగ్గర ఉండాలి. ఇంకో ఊళ్ళో ఉన్న కాల్‌సెంటర్‌లో కాదు. తెర తెలుగులో మాట్లాడాలి, చదవలేనివాళ్ళకు బొమ్మలుండాలి. ఫోన్ నంబరు తప్పనిసరి కాకూడదు. తీసుకున్న నంబరును ఏం చేస్తారో చెప్పడం, పని అయ్యాక చెరిపేయడం 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ప్రకారం వాళ్ళ బాధ్యతే. ఇక చీటీ. నదీస్నానం చేసే చోట కాగితం చీటీ ఇస్తే మునకతో పాటే నీళ్ళ పాలవుతుంది. ఇత్తడి బిళ్ళ అయితే కొంగున ముడేసుకోవచ్చు. "బిళ్ళ ముడేసుకున్నావా పెద్దమ్మా, జాగ్రత్త" అని ఒక సేవకుడు అనే మాటలో ఉన్న ధైర్యం ఏ తెరా ఇవ్వలేదు.

నేను గీసిన గీతకు అవతల, అందరికన్నా అన్యాయమైపోతున్నవాళ్ళు పరీక్ష రాసే పిల్లలు. ఫోన్ వద్దు, పర్సు వద్దు, వాచీ వద్దు, సంచి వద్దు అని హాల్‌టికెట్ మీద వరసగా రాస్తారు. వస్తువులు భద్రపరిచే ఏర్పాటు కేంద్రంలో ఉండదని కూడా రాస్తారు. మారుమూల మండలం నుంచి తెల్లవారుజామున బస్సెక్కి ఒంటరిగా వచ్చిన పిల్ల ఆ ఫోన్ ఎక్కడ పెట్టాలి? ఇంటికి తిరిగి వెళ్ళడానికి ఛార్జీలు కూడా ఆ ఫోన్‌లోనే ఉంటాయి. గేటు మూసే నిమిషం దగ్గరపడుతుంటే జిరాక్స్ షాపు దగ్గర, కిళ్ళీకొట్టు దగ్గర బతిమాలుతున్న పిల్లలను చాలా పరీక్షల ఉదయాలు చూశాను. ఇక్కడ లాకర్ లేదు, కౌంటర్ లేదు. ఒక తరగతి గది, ఇద్దరు మనుషులు, నంబర్లు వేసిన కవర్లు ఉంటే చాలు. ఏ యంత్రం కొననక్కరలేదు.

మొన్న వేసవిలో మా అన్నయ్య కూతురిని పరీక్షకు దింపడానికి వెళ్ళాను. గేటుకు ఎదురుగా వేపచెట్టు కింద ఒకావిడ చాప పరుచుకుని కూచుంది. ఆవిడ కొడుకు లోపల రాస్తున్నాడు. ఒక అమ్మాయి పరుగున వచ్చి "అత్తా, కాస్త ఇది చూస్తుంటారా, నాకెవరూ లేరు" అని ఫోన్ ఆవిడ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. అది చూసి ఇంకొకరు, ఇంకొకరు. గేటు మూసేసరికి ఆవిడ ఒళ్ళో పదకొండు ఫోన్లు, రెండు పర్సులు, ఒక వెండి గొలుసు. ఆవిడ నన్ను పిలిచి పెన్ను అడిగింది. హాల్‌టికెట్ జిరాక్స్ కాగితాన్ని ముక్కలుగా చింపి, పిల్లల పేర్లు రాయించి ఒక్కో ఫోన్‌కూ రబ్బరు బ్యాండ్‌తో చుట్టింది. ముగ్గురి పేర్లు ఆవిడకు తెలియలేదు. ఆ మూడు కాగితాల మీద వాళ్ళ చొక్కాల రంగులు రాయించింది. మూడు గంటలు అక్కడే కూచుంది. మంచినీళ్ళకు కూడా లేవలేదు.